దడువాయి పొదిగిన గుడ్లు

కేసముద్రం మార్కెట్ యార్డుకు వరుసగా రెండు రోజులు సెలవు వచ్చింది. ఇరవై రెండేళ్లుగా అక్కడ వడ్లూ మక్కలూ పత్తీ కాంటా వేస్తున్న దడువాయి జగపతి, ఆ రెండు రోజుల కోసం వారం ముందునుంచే ఏర్పాట్లు చేసుకున్నాడు. ఏర్పాట్లంటే పెద్దవేమీ కావు. పొద్దున్నే భార్య సరోజను జనగామ రైలెక్కించాలి. ఇంటికొచ్చి నులకమంచం మీద వాలాలి. ఆకలైతే లేచి తినాలి, తిన్నాక మళ్లీ వాలాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది చెప్పండి?

సరోజ చెల్లెలి కూతురు సంధ్యకు పెళ్లి ఖాయమైంది, మర్నాడు జనగామలో పూలుపండ్ల వేడుక. పెద్దమ్మ లేకుండా పూలుపండ్లు ఎట్లా అవుతాయి? వెళ్లక తప్పదు. కానీ సరోజ ప్రాణమంతా దొడ్లో గంప దగ్గరే ఉంది. గంపలో ఊక, ఊక మీద వరిగడ్డి, గడ్డిలో పదకొండు గుడ్లు, గుడ్ల మీద నల్లకోడి. వేరే కోడి వచ్చి అందులో గుడ్డు పెట్టిపోతే గుర్తు తెలియాలని, పదకొండింటి మీదా బొగ్గుతో గీత గీసి, ఉరిమితే చెడకుండా గడ్డి కింద ఇనుపమేకు ఒకటి దాచి, మంచిరోజు చూసి మరీ పొదగేసింది. వేరే కోడి అనేది ఆ దొడ్లో లేదని ఆమెకూ తెలుసు. అయినా అమ్మ అట్లాగే చేసేది కాబట్టి తనూ అట్లాగే చేసింది.

అసలు కథంతా ఆ అమ్మ దగ్గరే ఉంది. సరోజ పెళ్లయి వచ్చిన కొత్తలో, చిల్పూర్ దగ్గరి పుట్టింటి నుంచి వాళ్లమ్మ ఒక పెట్టనూ ఒక పుంజునూ బుట్టలో పెట్టి పంపింది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ జంట పిల్లలూ, పిల్లల పిల్లలే ఈ దొడ్లో తిరిగాయి. నల్లటి ఒళ్లు, మెడ చుట్టూ మక్కరంగు పట్టె. ఎన్ని కోళ్ల మధ్య ఉన్నా సరోజ వాటిని ఇట్టే గుర్తుపట్టేది. అమ్మ నిరుడు పోయింది. దసరా దాటాక కొక్కెర తెగులు వచ్చి మూడు రోజుల్లో పద్దెనిమిది కోళ్లను ఊడ్చుకుపోయింది. మిగిలింది ఒక పెట్ట, ఒక పుంజు. గుడ్లు పొదగేసిన నాలుగో రోజున ఆ పుంజును కూడా కుక్కలు పట్టుకుపోయాయి. పుంజు లేని పెట్ట ఒక్కదానితో జాతి నిలవదు కాబట్టి ఇక మిగిలింది ఆ పదకొండు గుడ్లే. అవి మురిగితే అమ్మ ఇచ్చిన జాతి ఈ పెట్టతోనే ఆగిపోతుంది.

అందుకే స్టేషన్‌కు బైక్ మీద వెళ్తున్నంతసేపూ సరోజ వెనక కూర్చుని జాగ్రత్తలు చెబుతూనే ఉంది.

"ఇయ్యాలకు ఇరవై రోజులు. గుడ్లు సల్లవడొద్దు, ఎర్కేనా? పొద్దెక్కినంక ఒక్కపారి అది మేతకు దిగుతది. దిగనియ్యి. బూడిదల పొర్లుతది, నూకలు తింటది, నీళ్లు తాగుతది, మల్ల అదే వచ్చి కూసుంటది. అర్ధగంట పట్టినా పరేషాన్ గాకు. గుడ్లు మాత్రం ముట్టకు. నీకు దండం పెడ్త, సల్లవడ్డయంటే మా అవ్వ కోళ్ల జాతి ఖతమైతది."

చక్కగా, వరుసగా, ఒక్క మాట తప్పిపోకుండా చెప్పింది. కాకపోతే 'మేతకు దిగుతది' దగ్గర మక్కల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ ముందుకొచ్చింది. 'బూడిదల పొర్లుతది' దగ్గర పాటలు పెట్టుకున్న ట్రాక్టర్లు రెండు పక్క నుంచి పోయాయి. జగపతి చెవిన పడింది మొదటి మాటా చివరి మాటా మాత్రమే. మధ్యలో ఏముందో అడిగితే ఇప్పటిదాకా వినలేదా అని తిడుతుంది. అందుకని ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు ప్రకారం అన్నింటికీ కలిపి "ఊఁ" అన్నాడు.

రైలు వెళ్లిపోయింది. ఇంటికొచ్చి, ఫోన్ వంటింటి గూట్లో చార్జింగుకు పెట్టి, మంచం వాల్చుకునే ముందు దొడ్లోకి ఓసారి తొంగిచూశాడు. గుండె గుభేలుమంది. గంపలో గుడ్లు ఉన్నాయి, కోడి లేదు. కోడి కట్టెలపొయ్యి పక్కన బూడిద కుప్పలో వెల్లకిలా పడి, కాళ్లు చాపి, రెక్కలు విదిలిస్తూ పొర్లుతోంది.

"ఓసి నీ పాడుగాను! గుడ్లిడిసిపెట్టి గీ సోకులేందే?" అన్నాడు జగపతి.

చెయ్యి పెట్టి చూశాడు. పత్తిలో తేమ ఎంతుందో చేత్తో పట్టి చెప్పగల మనిషి. ఆ చెయ్యి ఇప్పుడు గుడ్లు చల్లబడుతున్నాయని చెప్పింది. మాఘమాసం పొద్దు, గాలి కూడా చల్లగానే ఉంది. కోడిని పట్టి గంపలో కూర్చోబెట్టబోయాడు. అది పక్కకు తప్పుకుంది. ఇతను వంగాడు. అది నీళ్ల గోలెం చుట్టూ తిరిగింది. ఇతనూ తిరిగాడు. మూడో చుట్టులో లుంగీ కాలికి అడ్డం పడి ఇతను బూడిదలో పొర్లాడు. కోడి గోడెక్కి పక్కింటి చంద్రమ్మ దొడ్లోకి దూకింది.

ఇక జగపతి బుర్ర పరిపరివిధాల పోయింది. పొయ్యి మీద పెడితే ఉడుకుతాయి. ఎండలో పెడితే కాకులున్నాయి. దుప్పట్లో చుడితే వేడి ఎక్కడి నుంచి వస్తుంది? దుప్పటికి తనంతట తనకు వేడుండదు కదా. వేడి ఉన్న వస్తువు ఆ ఇంట్లో ప్రస్తుతానికి ఒక్కటే ఉంది. అది జగపతి పొట్ట. కాంటా పక్కన కూర్చుని కూర్చుని ఇరవై రెండేళ్లలో అది కూడా నాలుగు మూలలా పెరిగింది.

తువ్వాలు విప్పాడు. గుడ్లను ఒక్కొక్కటే తెచ్చి, మంచం మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీదా పక్కలా సర్దుకుని, తువ్వాలు చుట్టుకుని, పైన సరోజ కుట్టిన బొంత కప్పుకున్నాడు. తలుపు దగ్గరగా వేసే ఉంది. కాళ్లు చాపి ఊపిరి పీల్చుకుంటే, ఎట్లయితేనేం, అతను వారం ముందు అనుకున్నట్టు మంచం మీద వాలడమైతే అయింది. పక్కకు తిరగడానికే లేదు.

అంతలో కడుపు నిండా మేసిన నల్లకోడి గోడ దూకి తిన్నగా తన గంప దగ్గరకు వచ్చింది. గంప ఖాళీ. అటు చూసింది, ఇటు చూసింది. సరే, ఎప్పుడూ కూర్చునే చోటే కదా అని, ఉత్త గడ్డి మీదే రెక్కలు పరిచి కూర్చుంది.

వంటింటి గూట్లో ఫోన్ మోగింది. సరోజే. ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి, కోడి ఏం చేస్తుందో అడగడానికి చేస్తోంది. జగపతి లేవలేడు. ఫోన్ మోగి ఆగింది. మళ్లీ మోగింది. నాలుగోసారి ఆగాక పక్కింట్లో చంద్రమ్మ ఫోన్ మోగింది.

చంద్రమ్మది అరవై దాటిన వయసు. ఊళ్లో కోడికి ఏమొచ్చినా, మేకకు ఏమొచ్చినా ముందు ఆమెనే పిలుస్తారు. పిలవకపోయినా వస్తుంది.

"వదినె, మీ తమ్ముడు ఫోన్ ఎత్తుతలేడు. జర సూడరాదూ," అంది సరోజ.

చంద్రమ్మ దొడ్డి వైపు నుంచి వచ్చింది. వస్తూనే గంప కంటపడింది. కోడి కూర్చుంది. పొదుగు ఎట్లా ఉందో చూద్దామని కోడి కింద చెయ్యి పెట్టింది. గడ్డి తగిలింది, మేకు తగిలింది, గుడ్డన్నది తగల్లేదు. చంద్రమ్మ ముక్కున వేలేసుకుంది. నాలుగు గుడ్ల అట్టు ఒక్క ఊపున తినే మనిషి జగపతి అని వాడకంతా తెలుసు. భార్య రైలెక్కి గంట కాలేదు!

"అయ్యయ్యో, ఒక్కటి మిగలకుంట తిన్నడా ఏంది వీడు! పదకొండు గుడ్లు! గా పిల్లలు గట్టిన గుడ్లు!" అని నోరు కొట్టుకుంది.

ఆ తర్వాత ఆమెకు కోడి మీద జాలి కలిగింది. గుడ్లు లేకుండా ఉత్త గంప మీద కూర్చున్న కోడి తిండి మానేసి చిక్కిపోతుంది. దానికి ఆ ఊళ్లో తాతల నాటి వైద్యం ఒకటుంది. పొదుగు వేడి దిగేదాకా నీళ్లలో ముంచాలి, దాని రెక్క ఈకే ఒకటి పీకి ముక్కుపుటాల్లోంచి అడ్డంగా దూర్చాలి. ఆ ఈక సంగతి చూసుకోవడంలో పడి కోడి పొదుగు మాట మరిచిపోతుంది. చంద్రమ్మ ఏ పనీ రేపటికి వాయిదా వేయదు. నల్లకోడిని గోలెంలో మూడు మునకలు ముంచి, ఈక గుచ్చి, "పో బిడ్డా, నీ బాధ తీరింది," అని వదిలింది. కోడి ఒళ్లు విదిలించుకుని జామచెట్టెక్కింది.

అప్పుడు ఇంట్లోకి వచ్చింది. పగటి పొద్దున, మెడ దాకా బొంత కప్పుకుని, నుదుటి మీద చెమటతో, కదలకుండా పడుకున్న జగపతి కనిపించాడు.

"ఏమైందిరా తమ్ముడా?"

చెప్పేద్దామనుకున్నాడు జగపతి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చంద్రమ్మకు చెబితే యార్డుకు చెప్పినట్టే. ఎల్లుండి కాంటా ముందు నిలబడితే హమాలీలు కొక్కొరోకో అంటారు.

"ఏం లేదక్కా. ఒంట్లె బాగలేదు. నువ్వు పో."

"యాడ బాగలేదు?"

"కడుపుల."

చంద్రమ్మకు అంతా అర్థమైపోయింది. అర్థం కావడానికి ఇక మిగిలిందేముంది? బయటకు నడిచి సరోజకు ఫోన్ చేసింది.

"సరోజా, నువ్వయితే పరేషాన్ గాకు," అని మొదలుపెట్టింది. అంతకన్నా పరేషాన్ చేసే మాట మన భాషలో ఇంకోటి లేదు. "గుడ్లు పదకొండూ తిన్నట్టున్నడు. కడుపు పట్టుకొని పడ్డడు. కండ్లు తేలేసిండు. నేను యాకయ్యను పిలుస్తున్న, నువ్వు మెల్లగ రా."

సరోజ వరంగల్‌లో దిగిపోయింది.

యాకయ్య ఆ ఊళ్లో ముప్పై ఏళ్లుగా సూదులు వేస్తున్నాడు. జ్వరమైనా, కాలు బెణికినా, పెళ్లి సంబంధం తప్పిపోయినా ఒక సూది వేస్తే మంచిదని ఆయన నమ్మకం. సంచీ పట్టుకుని వచ్చి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని, బొంత మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టకు యాకన్నా! నీ కాళ్లు మొక్కుత, కడుపు మీద చెయ్యి వెయ్యకు!" అని జగపతి కేకపెట్టాడు.

యాకయ్య చంద్రమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ముట్టనిస్తలేడంటే లోపల పేగేదో పగిలినట్టే. మానుకోట దవాఖానకు తీస్కపోవాలె. నా సూదికి అందేది గాదు." ముప్పై ఏళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. చంద్రమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

యార్డులో హమాలీ చేసే పూల్‌సింగ్‌కు కబురు వెళ్లింది. పక్క తండా నుంచి సొంత ట్రాలీ ఆటోలో పది నిమిషాల్లో వచ్చాడు. దారిలో ఇంకో ముగ్గురు హమాలీలను ఎక్కించుకొచ్చాడు. క్వింటాలు బస్తా భుజాన మోసేవాళ్లకు మనిషొక లెక్కా? "జగపతన్నా, నువ్వేం రంది పెట్టుకోకు," అని నలుగురూ మంచం నాలుగు కోళ్లూ పట్టి అమాంతం లేపారు.

"దించుండ్రి! నాకేం గాలేదు, దించుండ్రిరా!"

"గట్లనే అనిపిస్తదన్నా. మా కాకకు గూడ గట్లనే అనిపిచ్చింది, పాపం," అన్నాడు పూల్‌సింగ్.

గుమ్మం ఇరుకు. మంచం పక్కకు వంచితే గాని పట్టదు. ముందువాళ్లు ఎడమకు వంచారు. బొంత కింద పదకొండూ ఒక్కసారిగా కుడి డొక్క నుంచి ఎడమ డొక్కకు కదిలాయి. జగపతికి పరువు, యార్డు, కొక్కొరోకో అన్నీ మరుపున పడ్డాయి. సరోజ ముఖం ఒక్కటే కళ్ల ముందు నిలిచింది. అమ్మ పోయిన రోజున కూడా పొద్దుగూకేవేళకు లేచి కోళ్లను గంప కింద కమ్మిన మనిషి ఆమె.

"మంచం వంచకుండ్రి! పగుల్తయి!" అని అరిచి, బొంత తనే లాగేశాడు.

మంచం మెల్లగా నేలకు దిగింది. జారిన తువ్వాలు మడతల్లో పదకొండు గుడ్లు, ఒక్కోదాని మీద బొగ్గుగీత, వాటి కింద కొద్దిగా వణుకుతున్న దడువాయి పొట్ట. యాకయ్య స్టెతస్కోపు చెవుల్లోనే ఉంది. వచ్చినందుకు ఏదో ఒకటి చూడాలి కాబట్టి దాన్ని దగ్గర్లో ఉన్న గుడ్డుకు ఆనించాడు. కాసేపు విన్నాడు.

"గుండె ఆడుతుంది," అన్నాడు.

అప్పుడు పడ్డాయి నవ్వులు. పూల్‌సింగ్ గోడకు ఆనుకుని కూలబడి నవ్వాడు. జగపతి జరిగిందంతా చెప్పుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు నవ్వుతూనే ఉన్నారు. చంద్రమ్మ ఒక్కతే నవ్వలేదు.

"కోడి మేతకు దిగిందిరా పిచ్చోడా! రోజుకొక్కపారి దిగుతది! మల్ల వచ్చి కూసుంటది!"

"గట్లనా? అయితే ఇంకేంది అక్కా, కోడిని తెచ్చి గుడ్ల మీద కూసుండవెడితే అయిపాయె!"

చంద్రమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుంది. గోలెం సంగతీ, ఈక సంగతీ చెప్పింది. జామచెట్టు మీది నుంచి నల్లకోడిని దింపి తెచ్చారు. ముక్కులో ఈకతో అది పెద్ద మీసాల పటేలులా ఉంది. గుడ్ల మీద పెట్టారు. గుడ్లను చూసింది, అవెవరివో తనకు తెలియనట్టు ఒక్కో కాలూ ఎత్తి దాటుకుంటూ వెళ్లిపోయింది. ఈక తీసి మళ్లీ పెట్టారు. మళ్లీ వెళ్లిపోయింది.

ఇప్పుడెవరూ నవ్వలేదు. జగపతి గుడ్లను మళ్లీ తువ్వాల్లోకి చేర్చుకున్నాడు. "సరోజకేం చెప్పాలె నేను?" అన్నాడు. ఆ గొంతు విని పూల్‌సింగ్ లేచి నిలబడ్డాడు.

"మా అవ్వ దగ్గర పొదుగుకొచ్చిన కోడి ఉందన్నా. తీస్కొస్త."

పూల్‌సింగ్ తల్లి సక్రి కోడిని చంకన పెట్టుకుని ట్రాలీలో నిలబడి వచ్చింది. వచ్చి, గుడ్లనూ జగపతినీ ఎగాదిగా చూసింది. ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"బతికే ఉన్నయి కొడుకా. కాని నా కోడిని గిప్పుడు పెట్టొద్దు. పగటిపూట కొత్త జాగల పెడితే బెదురుతది, గుడ్లు పొడిసి పెడ్తది. మసకవడినంక పెట్టాలె."

"అప్పటిదాంక ఎట్లవ్వా?"

సక్రి బొంత తీసి అతని చేతిలో పెట్టింది. "నువ్వున్నవు గదా. పండుకో."

నిండా మునిగినవాడికి చలేమిటి? జగపతి పడుకున్నాడు. ఇప్పుడిక దాపరికం లేదు కాబట్టి పని పద్ధతిగా సాగింది. యాకయ్య జ్వరం చూసే గాజుపుల్ల బొంతలో పెట్టి గంటగంటకూ వేడి చూశాడు. చంద్రమ్మ చేసిన తప్పుకు పరిహారంగా జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టింది. సక్రి కాళ్ల దగ్గర కూర్చుని, మనిషి కాస్త కదిలితే చాలు, కట్టెతో మంచం కోడును కొట్టింది. "గుడ్లతోటి మాట్లాడు కొడుకా. లోపటి నుంచే ఇంటయి. తల్లి కుర్రుకుర్రుమంటెనే ధైర్నంగ పెంకు పగలగొడ్తయి," అంది. నలుగురి ముందూ జగపతి సిగ్గుపడుతూ కుర్రుమన్నాడు. సక్రి తృప్తిపడలేదు. రెండోసారి ఇంకాస్త బాగా కుర్రుమన్నాడు. పొద్దు వాలేసరికి సిగ్గు పోయి చెయ్యి తిరిగింది.

బయట సంగతి వేరు. జగపతిని మంచంతో సహా ఎత్తారన్న మాట ఒక్కటే యార్డు జనం దాకా పోయింది, దించారన్న మాట పోలేదు. సాయంత్రానికి వాకిట్లో ఇరవై జతల చెప్పులు. కొందరు బ్రెడ్డు పొట్లాలతో వచ్చారు, కొందరు కొబ్బరిబొండాలతో. ఒక పెద్దమనిషి పూలదండను సంచీలో పెట్టుకుని, పరిస్థితి చూసి తీద్దామని ఆగాడు.

వరంగల్‌లో ఎక్కిన బస్సు దారిలో చెడి, ఫోన్ చార్జింగూ అయిపోయి, ఇంతసేపటికి సందు మలుపు తిరిగిన సరోజకు ఆ చెప్పులు కనిపించాయి. ఆ సంచీలోంచి తొంగిచూస్తున్న పూలదండ కనిపించింది. చేతిలో బ్యాగు ఎక్కడ పడేసిందో తెలియదు. "ఓ నా దేవుడో!" అంటూ జనాన్ని తోసుకుని లోపలికి వచ్చి మంచం మీద పడబోయింది. సక్రి రెండు చేతులా ఆపేసింది.

"గుడ్లు తింటే తింటివి! కోళ్లు లేకుంటే లేకపాయె! మా అవ్వ కోళ్లు నాకేం ఒద్దు, నువ్వుంటే సాలు నాకు! కండ్లు తెరువయ్యా!" అని గుండెలు బాదుకుంది.

జగపతి కళ్లు తెరిచే ఉన్నాడు. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో అంత మాట ఎన్నడూ వినలేదు. ఇంకాసేపు విందామని కూడా ఉంది. కానీ తలుపులోంచి గాలి వస్తోంది.

"సరోజా," అన్నాడు మెల్లగా, "జర తలుపెయ్యి. సల్లగాలి తాకుతుంది."

బొంత అంచు ఎత్తి చూపించాడు. సరోజ చూసింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. వేలితో ఒక్కొక్క గీతనూ తాకుతూ పోయి, చివరిదాని దగ్గర ఆగింది. ఆ గుడ్డు మీద ఆవగింజంత చిల్లు. చిల్లులోంచి సన్నగా "కీచ్" అని వినిపించింది.

సరోజ కింద కూర్చుని, మొగుడి చెయ్యి పట్టుకుని, ఏడుస్తూ నవ్వింది. "మా అవ్వ ఉంటే సూసి మురిసిపోతుండె," అంది. జగపతి ముఖం గుడ్ల వైపు తిప్పుకున్నాడు. ఇంకోసారి కుర్రుమన్నాడు. లోపలి నుంచి రెండు గుడ్లు బదులిచ్చాయి.

"పెంకు పగిలినంక జాగ మార్చొద్దు," అని సక్రి తేల్చేసింది. "నా కోడి అక్కర్లేదు. ఈయననే కానియ్యిండ్రి."

తెల్లారేసరికి తొమ్మిది పిల్లలు. తొమ్మిదీ నల్లటివే, నాలుగింటికి అప్పుడే మెడ చుట్టూ పట్టె జాడ కనిపిస్తోంది. రెండు గుడ్లు పగల్లేదు. వాటి గురించి సరోజ కాసేపు బాధపడింది గాని, అంతలోనే జనగామకు ఫోన్ చేసింది. రాలేకపోయినందుకు చెల్లెలు అలిగి ఉంది. సంధ్య అత్తగారింటికి వెళ్లేనాటికి వీటిలో ఒక జంట ఇస్తానని సరోజ మాటిచ్చాక ఆ అలక తీరింది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. పిల్లల్ని సక్రి కోడి కిందికి తోశారు. పక్క గదిలో జగపతి దగ్గాడు. తొమ్మిదీ కోడి కింది నుంచి బయటపడి పక్క గదికి పరిగెత్తాయి. సరోజ ముద్దుగా "బా, బా, బా" అని నూకలు చల్లింది. అవి ఆమె వైపు తిరిగి కూడా చూడలేదు. జగపతి గోలెం దగ్గరికి వెళ్తే గోలెం దగ్గరికి, గుమ్మంలో కూర్చుంటే లుంగీ కిందికి. కన్నతల్లి నల్లకోడి జామచెట్టు కింద పురుగులు ఏరుకుంటూ, ఇదంతా ఇంకెవరి సంసారమో అన్నట్టు ఊరుకుంది. సక్రి తన కోడిని చంకన పెట్టుకుని, "నీ అసుంటి తల్లి మా తండాల గూడ లేదు కొడుకా," అని మెచ్చుకుని వెళ్లిపోయింది.

మూడో రోజు యార్డు తెరిచారు. జగపతి వెనక తలుపులోంచి దొంగలా బయటపడి డ్యూటీకి వచ్చాడు. హమాలీలు అనాల్సినవన్నీ అన్నారు, అతను పడాల్సినవన్నీ పడ్డాడు. పదకొండు గంటలకు ఫోన్ మోగింది.

"ఏందయ్యా, పొద్దటిసంది ఒక్కటే మొత్తుకుంటున్నయి. నేను పిలుస్తే పలుకుతలేవు, నూకలు ముడుతలేవు," అంది సరోజ. కోపమో, ఉక్రోషమో, రెండూనో. "ఫోన్ గంప మీద పెడుతున్న. జర మాట్లాడు."

జగపతి అటూ ఇటూ చూశాడు. కాంటా ముందు మక్కల బస్తాలు, బస్తాల పక్కన పదిమంది రైతులు, వాళ్ల వెనక వరుసలో ట్రాక్టర్లు. తప్పించుకోవడానికి చోటు లేదు. గోడ వైపు తిరిగి, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"కుర్ర్... కుర్ర్... కుర్ర్... ఆఁ, వస్త, మాపటికల్ల వస్త. నూకలు తినుండ్రి. ఒకదాన్నొకటి పొడుసుకోకుండ్రి. కుర్ర్... కుర్ర్..."

అవతల కీచుకీచులు మెల్లగా సద్దుమణిగాయి. జగపతి ఫోన్ జేబులో పెట్టుకుని ఇటు తిరిగాడు.

రైతులెవరూ ఏమీ అనుకోలేదు. ఇంటి నుంచి భార్య ఫోన్ చేస్తే మగవాళ్లు ఎట్లెట్లా మాట్లాడతారో వాళ్లకు తెలియనిది కాదు.